ముప్పై వేల గులాబీ, అమ్మాయితో ఆడిన చిన్న అబద్ధం

ప్రశ్న:

ఖమ్మం వైపు నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 47, జూనియర్ కాలేజీలో లెక్చరర్. ఒక్కతే కూతురు. జర్మనీలో ఎం.ఎస్. చేసి, ఏడాదిగా అక్కడే ఉద్యోగంలో ఉంది. చదువు కోసం తీసుకున్న లోను ఇంకా కడుతోంది.

పోయిన మే నెలలో ఈవిడ కూతురి దగ్గరికి వెళ్ళారు. మ్యూనిక్‌లో ఒక పెద్ద షాపులో, వద్దంటున్నా వినకుండా అమ్మాయి ఈవిడ మణికట్టు మీద ఒక సెంటు కొట్టించింది. ఫ్రెడెరిక్ మాల్ కంపెనీ వాళ్ళ 'పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ'. "గులాబీయే, కానీ దేవుడికి పెట్టే గులాబీలా లేదు. లవంగం కొరికినంత ఘాటు. అడుగున సాంబ్రాణి పొగ. ఇంకా కింద తడి మట్టి" అని రాశారు. కాస్త శాలువా మీద కూడా చల్లించుకున్నారు. ధర అడిగితే 100 మి.లీ. సీసా మన డబ్బుల్లో ముప్పై వేల పైమాటే. కూతురు కొంటానంది. ఈవిడ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చారు. కౌంటరులో ఇచ్చిన చిన్న శాంపిల్ గొట్టం మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు. జూలైకల్లా అదీ అయిపోయింది. ఖాళీ గొట్టం ఇప్పటికీ బీరువాలో చీరల మధ్య ఉంది. "శాలువా ఇంకా ఉతకలేదు. రాత్రిళ్ళు ఒకసారి తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేస్తాను. ఎవరికీ చెప్పకండి" అన్నారు.

భర్తతో అంటే, "ఆవిరైపోయేదానికి ముప్పై వేలా?" అన్నారట. స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ అదే పేరు, అదే సీసా, 'ఫస్ట్ కాపీ' పద్దెనిమిది వందలకు తెప్పిస్తానంటున్నారు. ఈలోగా ఈవిడ ఆన్‌లైన్‌లో పన్నెండు వందలు పెట్టి, ఆ సెంటును పోలి ఉంటుందని చెప్పుకునే వేరే కంపెనీ సెంటు తెప్పించారు. మొదటి పది నిమిషాలు అచ్చం అదే. అరగంటయ్యేసరికి బస్టాండు బాత్రూములో వేలాడదీసే బిళ్ళ వాసన. అత్తగారికి తలనొప్పి.

అసలు చిక్కు ఇక్కడుంది. ఆ పెద్ద సీసా వాయిదాల మీదైనా కొని తెస్తానని కూతురు పట్టుబట్టింది. దాన్ని ఆపడానికి ఈవిడ, "ఇక్కడే దొరికిందే, నేనే కొనుక్కున్నాను" అనేశారు. ఆ పిల్ల దసరాకు వస్తోంది. వచ్చీ రాగానే చూపించమంటుంది. "రెండు మూడు వేలలో, దానికి తేడా తెలియకుండా అచ్చం అలాగే ఉండేది ఏదైనా చెప్పండి. ఈ వయసులో ఈ పిచ్చేమిటని తిట్టినా పర్లేదు" అని ముగించారు.

సమాధానం:

తిట్టను. నలభై ఏడేళ్ళకు ముక్కు రిటైరవదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగింది ఒకే ప్రశ్నలా కనిపిస్తుంది కానీ అందులో రెండున్నాయి. నాకు నచ్చిన వాసన తక్కువలో ఎక్కడ దొరుకుతుంది అనేది ఒకటి. అమ్మాయికి దొరక్కుండా ఎలా బయటపడాలి అనేది రెండోది. ఈ రెండింటికీ ఒకే సీసాతో జవాబు చెప్పాలనుకుంటున్నారు కాబట్టి మీకు ఏదీ తేలడం లేదు. అమ్మాయి ముందు నిలబడాలంటే సీసా, పేరు, పెట్టె కలవాలి. మీ మణికట్టు మీద నిలబడాలంటే వాసన కలవాలి. పద్దెనిమిది వందల ఫస్ట్ కాపీ మొదటి పనికి పుట్టింది, రెండో పని దానివల్ల కాదు. కాబట్టి అబద్ధం సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు ముక్కు సంగతి చూద్దాం.

ఆ సెంటును డొమినిక్ రోపియన్ అనే ఫ్రెంచి సుగంధకారుడు 2010లో తయారుచేశారు. అందులో టర్కీ గులాబీ ఉంది. లవంగం, దాల్చినచెక్క ఉన్నాయి. పైపైన కాస్త పుల్లటి బెర్రీ పళ్ళ వాసన. అడుగున పచౌలి (ఒక మొక్క ఆకుల నుంచి తీసే నూనె) దండిగా, దానికి తోడు చర్చిల్లో వేసే ధూపం, గంధం, కస్తూరిని పోలిన వాసనలు. మీరు 'తడి మట్టి' అన్నది పచౌలి. 'సాంబ్రాణి పొగ' అన్నది ఆ ధూపం, మన సాంబ్రాణికి చుట్టం లాంటిది. ఎవరూ నేర్పకుండానే మూడు వంతులు సరిగ్గా పట్టుకున్నారు. మీ ముక్కును నమ్మండి, ఇక మీదట అదే పనికొస్తుంది.

గులాబీకి, లవంగానికి ఏమిటి సంబంధం అనిపించవచ్చు. ఉంది. లవంగ నూనెలో ముప్పాతిక వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉండేది యూజెనాల్ అనే పదార్థం. పళ్ళ డాక్టరు గదిలో అడుగు పెట్టగానే తగిలే వాసన అదే. తులసి ఆకు నలిపితే వచ్చే ఘాటులోనూ అదుంది. గులాబీ నూనెలోనూ అది కొద్దిగా సహజంగానే ఉంటుంది. అంటే రోపియన్ గులాబీ పక్కన లవంగం తెచ్చి అతికించలేదు, గులాబీలో ఉన్న ఘాటునే పెంచాడు. మనవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. మీఠా కిళ్ళీ గుర్తు తెచ్చుకోండి: లోపల గుల్కందు, పైన గుచ్చిన లవంగం. భోజనాల దగ్గర కిళ్ళీ నోట్లో పెట్టుకుని సాంబ్రాణి వేసిన గదిలోకి వెళ్తే, మ్యూనిక్ కౌంటరులో మీకు తగిలినదానికి సగం దూరం వచ్చేసినట్టే. మీకది అంతగా ఎందుకు పట్టేసిందో నాకు ఆశ్చర్యంగా లేదు.

పచౌలి గురించి ఒక ముచ్చట చెప్పి ముందుకు వెళ్తాను. పంతొమ్మిదో శతాబ్దంలో మన దేశం నుంచి ఐరోపాకు వెళ్ళే కాశ్మీరు శాలువాలకు పురుగు పట్టకుండా మడతల్లో పచౌలి ఆకులు పెట్టేవారు. అక్కడి ఆడవాళ్ళు ఆ వాసనను బట్టే ఇది అసలైన శాలువా అని గుర్తుపట్టేవారట. మీరు బీరువాలో దాచిన శాలువాకు అంత పాత కథ ఉంది.

ఆ శాలువా దగ్గరే మీ ప్రశ్నకు జవాబు కూడా ఉంది. సెంటు కొట్టుకోగానే తెలిసేవి తేలికగా ఎగిరిపోయే వాసనలు, పళ్ళలాంటివి. ఆ తర్వాత కొన్ని గంటలు గులాబీ, లవంగం. చివరికి గుడ్డను పట్టుకుని రోజుల తరబడి ఉండేవి బరువైనవి: పచౌలి, ధూపం, గంధం, కస్తూరి. మే నెలలో చల్లిన శాలువాలో సెప్టెంబరులో మీరు చూస్తున్న వాసనలో గులాబీ పాలు చాలా తక్కువ. మీరు ప్రేమించింది ఆ సెంటు మొదటి పది నిమిషాలను కాదు, చివరి పది గంటలను. ఆన్‌లైన్ సీసా మీకు ఇచ్చింది సరిగ్గా ఆ మొదటి పది నిమిషాలనే.

అది ఆ కంపెనీ తప్పని కూడా అనను. ఇలాంటివి తయారుచేసేవాళ్ళు అసలు సెంటును యంత్రంలో పెట్టి ఏ పదార్థం ఎంత ఉందో లెక్క తీస్తారు. తేలికగా ఆవిరయ్యే వాటిని ఆ యంత్రం బాగా పట్టిస్తుంది. పచౌలి నూనె, అసలు గులాబీ నూనె అలా కాదు, ఒక్కొక్కదాంట్లో ఎన్నో రకాల పదార్థాలు కొంచెం కొంచెం ఉంటాయి. గులాబీ నూనె ఖరీదు కూడా. కిలో గులాబీ నూనె తీయాలంటే సుమారు 3,500 నుంచి 4,000 కిలోల పూలు కావాలి, అవి కూడా తెల్లవారుజామున కోసినవి. పన్నెండు వందల సీసాలో అంత గులాబీ పట్టదు కదా. అందుకని కొనేవాడు షాపులో మూత తీసి చూసే మొదటి నిమిషాల మీదే డబ్బంతా పెడతారు. అలాగని ఆ ముప్పై వేలూ గులాబీల ఖర్చే అనుకోకండి. అందులో సీసా, షాపు అద్దె, పేరు అన్నీ ఉన్నాయి. మీ ఆయన మాటలో ఆ మేరకు న్యాయం ఉంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

స్టాఫ్‌రూమ్ ఫస్ట్ కాపీ సంగతి ముందు తేల్చేస్తాను, దాని మీద ఎక్కువ మాటలు అక్కర్లేదు. వేరే కంపెనీ తన సొంత పేరు పెట్టుకుని ఫలానా వాసనకు దగ్గరగా తయారుచేయడం వేరు. ఇంకొకరి పేరు, సీసా, పెట్టె దొంగిలించి అమ్మడం వేరు. రెండోది నకిలీ, 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం నేరం. పైగా లోపల ఏముందో ఎవరికీ తెలియదు, మీకు అమ్మే ఆవిడకు కూడా. పదిహేనేళ్ళ కిందట నేనూ ఒక చిన్న షాపులో అలాంటిది కొన్నాను. వారం రోజులు మెడ చుట్టూ దద్దుర్లతో, ఎండాకాలంలో కాలరు బొత్తాం పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. లవంగం, దాల్చినచెక్క వాసనలిచ్చే పదార్థాలు కొందరి చర్మానికి అసలే పడవు. పేరున్న కంపెనీలు వాటిని ఎంత కలపాలో హద్దులు పాటిస్తాయి, నకిలీవాడికి హద్దేమిటి? ఇక మీ అమ్మాయి ఆ కౌంటరు దగ్గర అసలు సీసా పట్టుకుని చూసిన మనిషి. మూత తీసి పెట్టగానే పట్టేస్తుంది. అప్పుడు ఒక అబద్ధం కాస్తా రెండవుతుంది, రెండోదానికి పద్దెనిమిది వందలు ఖర్చు కూడా.

రెండో దారి, సొంత పేరుతో వచ్చే తక్కువ ధర సెంట్లు. ఇవి తప్పు కాదు, అన్నీ బాత్రూము బిళ్ళలూ కావు. కానీ 'అచ్చం అదే' అని చెప్పుకునేవాటి వెంట పడకండి. ఆ మాట రాసుకున్నది మొదటి పది నిమిషాల కోసం తయారైనదే అయ్యే అవకాశం ఎక్కువ. దానికి బదులు అదే వంశంలో పుట్టి, తన కాళ్ళ మీద తాను నిలబడేదాన్ని చూడండి. ఒకటి చెప్తాను: 'ఏజెంట్ ప్రొవొకేటర్' అని 2000లో వచ్చిన సెంటు, కోడిగుడ్డు ఆకారంలో గులాబీ రంగు సీసా. అందులో గులాబీకి తోడు కుంకుమపువ్వు, ధనియాలు ఉంటాయి. లవంగం ఘాటు కాదు, కుంకుమపువ్వు ఘాటు. పొగ తక్కువ, సబ్బు వాసన కొంచెం ఎక్కువ. ఫ్రెడెరిక్ మాల్ వాళ్ళ సీసాతో పోలిస్తే ధర చాలా తక్కువ. మీ అమ్మాయికి జర్మనీలో సులువుగానే దొరకవచ్చు. కానీ ఇది మీ శాలువా వాసన కాదు, దాని మేనకోడలు. మేనకోడలు నచ్చుతుందో లేదో చేతి మీద ఒక పూట ఉంచుకుని చూసుకున్నాకే కొనండి.

మూడో దారి దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నా మనసు అక్కడికే పోయింది. చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాలు. మీరు ఖమ్మం నుంచి ఒక్క రోజులో వెళ్ళి రావచ్చు.

అత్తరులో స్పిరిటు ఉండదు, నూనె ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో పాత పద్ధతిలో ఎలా తీస్తారంటే, రాగి డేగిశాలో పూలు, నీళ్ళు పోసి మూత చుట్టూ మట్టితో మెత్తి కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి పక్కనున్న బానలోకి దిగుతుంది. ఆ బానలో ముందే గంధపు నూనె ఉంటుంది, పూల వాసనను అది పీల్చుకుంటుంది. అంటే అడుగున గంధం, దాని మీద గులాబీ. మీకు కావలసిన చివరి పది గంటలు అక్కడ పునాదిలోనే ఉన్నాయి. ఇక షమామా అని ఇంకో అత్తరు ఉంది. అది ఒక పువ్వుది కాదు, లవంగాలు, ఏలకులు, జాజికాయ, జటామాంసి లాంటి మూలికలు, దినుసులు ఎన్నో కలిపి తీసేది. వెచ్చగా, మందంగా, పాత పెట్టె తెరిచినట్టు ఉంటుంది. పచౌలి కూడా విడిగా దొరుకుతుంది.

దుకాణంలోకి వెళ్ళి సెంటు పేరు చెప్పకండి. చెబితే, "ఉందమ్మా, సేమ్ టు సేమ్" అని ఒక సీసా తీస్తారు, కథ మళ్ళీ మొదటికొస్తుంది. గులాబ్, షమామా, పచౌలి విడివిడిగా అడగండి. తలా 3 మి.లీ. చాలు. గులాబ్ మణికట్టు మీద గాజు పుల్లతో ఒక గీత, దాని పక్కనే షమామా పుల్ల మొనతో ఒక చుక్క. పచౌలి ఒంటికి వద్దు, చిన్న దూది ఉండకు అద్ది శాలువా మడతలో పెట్టండి. హైదరాబాద్ పాతబస్తీలో పెద్దవాళ్ళు అత్తరు దూదిని చెవి మడతలో పెట్టుకునేది ఇలాగే. షమామా చుక్క ఎక్కువైతే గులాబీ కనిపించకుండా పోతుంది. మొదటి రెండు రోజులు కొలత కుదరదు, తర్వాత చేతికే తెలుస్తుంది.

దీనివల్ల వచ్చే మంచీ చెడూ కూడా చెప్పాలి. స్పిరిటు లేదు కాబట్టి అత్తరు గదంతా పరుచుకోదు, ఒంటి దగ్గరే ఉంటుంది. మీ అత్తగారికి అది మేలు, అయినా మొదటిసారి ఆవిడ పక్క గదిలో ఉన్నప్పుడు రాసుకుని చూడండి. నూనె కాబట్టి పట్టుచీరకు తగిలితే మరక పడుతుంది, పోదు. బెర్రీ పళ్ళ పులుపు ఇందులో రాదు. ఇక ధర. కొన్ని వందలకు దొరికే గులాబ్ అత్తరులో అసలు గులాబీ నూనె పేరుకే ఉంటుంది, గంధం బదులు ఏదో చవక నూనె ఉంటుంది. 'రూహ్ గులాబ్' అంటే ఏమీ కలపని గులాబీ సారం, దాని ఖరీదు కిలో లక్షల్లో. ఎవరైనా రెండు వందలకు రూహ్ అని చేతిలో పెడితే నవ్వి ఊరుకోండి. చవక గులాబ్ కొనడం తప్పేమీ కాదు, వాసన మీకు నచ్చితే కొనుక్కోండి. కానీ దాన్ని రూహ్ అనుకుని రూహ్ ధర ఇవ్వకండి.

ఎండాకాలంలో ఈ బరువైన వాసనలు మన దగ్గర ఉక్కిరిబిక్కిరి చేస్తాయి. ఏప్రిల్, మేలలో ఖమ్మం ఎండకు షమామా పెట్టుకుని క్లాసుకు వెళ్తే ముందు బెంచీ పిల్లలు మిమ్మల్ని క్షమించరు. దసరా నుంచి సంక్రాంతి దాకా దీని కాలం.

నాలుగో దారి మీరు ఉత్తరంలో ప్రస్తావించనే లేదు. ఫ్రెడెరిక్ మాల్ వాళ్ళు ఆ సెంటును 10 మి.లీ. చిన్న సీసాలో కూడా అమ్ముతారు. మి.లీ. లెక్కన చూస్తే పెద్ద సీసా కన్నా ఖరీదే, కానీ మొత్తం మీద ముప్పై వేలలో చిన్న ముక్క. ఒకసారి నొక్కితే సుమారు పదో వంతు మి.లీ. వస్తుంది. అంటే 10 మి.లీ.లో దాదాపు వంద నొక్కులు. వారానికోసారి రెండు నొక్కులు చొప్పున ఏడాది వస్తుంది. అసలు వాసనే, నకిలీ భయం లేదు. ఇబ్బంది ఏమిటంటే ఏడాది తర్వాత మళ్ళీ ఖాళీ గొట్టం, మళ్ళీ బీరువా. ఉన్నన్నాళ్ళు కూడా ప్రతి నొక్కూ లెక్కపెట్టుకునే స్వభావం మీది అయితే (ఉత్తరాన్ని బట్టి అదేనని నా అనుమానం) సుఖం కన్నా టెన్షన్ ఎక్కువ కావచ్చు. ఆన్‌లైన్‌లో ఎవరో పెద్ద సీసాలోంచి వంపి అమ్మే చిన్న సీసాల జోలికి మాత్రం పోకండి. అందులో వంపింది ఏమిటో చెప్పేవాడుండడు.

పెద్ద సీసాయే కొనడం కూడా ఒక దారేనని మర్చిపోవద్దు. ఉద్యోగం చేస్తున్న మనిషి మీరు. నెలకు కొంత పక్కన పెడితే ఏడాదిన్నరలోనో రెండేళ్ళలోనో మీ డబ్బుతో మీరే కొనుక్కోగలరేమో. అప్పటికీ ఇదే వాసన కావాలనిపిస్తే, అది పిచ్చి కాదని మీ ఆయనకు కూడా తెలుస్తుంది. ఆయన రెండేళ్ళకోసారి ఫోను మారుస్తారని ఉత్తరంలో ఒక మూల రాశారు. ఆవిరవడంలో ఫోను కూడా తక్కువేమీ కాదు. కానీ ఈ మాట పోట్లాటలో వాడకండి, పండగ పూట తీరిగ్గా ఉన్నప్పుడు వాడండి.

ఇక అమ్మాయి సంగతి.

మీరు అబద్ధం ఎందుకు ఆడారో అర్థమైంది. అప్పు తీర్చుకుంటున్న పిల్ల మీ కోసం ఇంకో వాయిదా నెత్తిన వేసుకోకూడదు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ పిల్ల వైపు నుంచి ఒకసారి చూడండి. సంపాదించడం మొదలుపెట్టాక అమ్మకు ఏదైనా కొనాలనుకుంది. అమ్మ ఎప్పుడూ "నాకెందుకే" అనే మనిషి. పూర్ణాల్లో ఆఖరిది కూడా పిల్లకే పెట్టిన చెయ్యి. అలాంటి అమ్మ జీవితంలో మొదటిసారి ఒక వస్తువును చూసి కళ్ళు మూసుకుని పీల్చడం ఆ పిల్ల కళ్ళారా చూసింది. అందుకే అంత పట్టుబడుతోంది. "నేనే కొనుక్కున్నాను" అన్నప్పుడు మీరు ఖర్చు ఒక్కదాన్నే ఆపలేదు, దానికి దొరికిన ఒకే ఒక్క సందును కూడా మూసేశారు.

దసరాకు ముందే ఫోనులో చెప్పేయవచ్చు. "కొనలేదే, నువ్వు అప్పు చేస్తావని అలా అన్నాను" అంటే సరిపోతుంది. కాసేపు అలుగుతుంది. అలిగాక పెద్ద సీసా ఆర్డరు పెట్టే ప్రమాదం ఉంది కాబట్టి, అదే ఫోనులో హద్దు కూడా చెప్పాలి: "10 మి.లీ.ది తెస్తే పెట్టుకుంటాను. లోను తీరేదాకా అంతకు మించి తెస్తే తీసుకోను." వద్దనడం కన్నా ఇంతవరకు తెమ్మనడం దానికి నయం, మీకూ నయం. మాట కాదనకుండా ఉంటుందని నమ్మకం లేకపోతే, వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి. అప్పుడు కొనే వీలుండదు, కానీ ఉన్న నాలుగు రోజుల్లో ఒక పూట ముఖం ముడుచుకుంటుంది. చెప్పకుండా దాటేయడం మూడోది. సీసా అయిపోయిందనో, కాలేజీలో మర్చిపోయాననో అనవచ్చు. అయిపోయిందంటే ఆ పిల్ల ఇంకోటి కొంటానంటుంది. మర్చిపోయానంటే తెచ్చిచూపించమంటుంది. ఈ దారి ఎటు తిరిగినా మళ్ళీ స్టాఫ్‌రూమ్ ఆవిడ దగ్గరికే వెళ్తుంది.

ఏది ఎంచుకోవాలో మీ పిల్ల స్వభావం తెలిసిన మీరే చెప్పగలరు. నాకైతే మొదటిదే తేలిక అనిపిస్తుంది. చెప్పాక ఇద్దరూ కలిసి చార్మినార్ వెళ్ళే వీలు కూడా దొరుకుతుంది. అసలు సెంటు వాసన తెలిసిన ముక్కు మీ ఇంట్లో ఇంకొకటి ఉందంటే, అది ఆ అమ్మాయిదే. అత్తరు కలిపేటప్పుడు, "అమ్మా, పొగ తక్కువైంది" అని చెప్పగలిగేది అదొక్కతే.

వెళ్ళే రోజు కొన్ని జాగ్రత్తలు. తలకు నూనె రాసుకోకండి, మల్లెపూలు పెట్టుకోకండి, రెండూ ముక్కును కప్పేస్తాయి. శాలువాను జిప్ కవరులో పెట్టి తీసుకెళ్ళండి, పోల్చి చూడటానికి అంతకన్నా నమ్మకమైన ఆధారం మీ దగ్గర లేదు. కాగితపు పట్టీ మీద చూసి కొనేయకండి. మోచేతి మడతలో చుక్క రాయించుకుని, లాడ్ బజారులో గాజులు చూసి, ఎక్కడైనా బిర్యానీ తిని, సాయంత్రం మళ్ళీ వచ్చి అప్పుడు కొనండి. ఈలోపు అక్కడ దురద పుడితే ఆ అత్తరు మీది కాదు. మధ్యలో ముక్కు మొద్దుబారితే కాఫీ గింజలు వాసన చూడమంటారు, అక్కర్లేదు, మీ జాకెట్టు చెయ్యి వాసన చూసుకుంటే చాలు. దుకాణంలో పెద్దాయన ఉత్సాహంగా నాలుగో సీసా తీస్తాడు. మూడు దాటాక ఏదీ తెలియదు, వద్దని చెప్పి, బయట ఇరానీ చాయ్ తాగి మళ్ళీ లోపలికి వెళ్ళండి.